వార్షిక నివేదిక: పిచికారీ వేళ గాలి నమూనాల పని

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తున్నాను.

పురుగులను చంపే బ్యాక్టీరియా అయిన బ్యాసిల్లస్ థురింజియెన్సిస్ పిచికారీ అనగానే అందరూ బీజాంశాల లెక్కే అడుగుతారు. మందులో బ్యాక్టీరియా ఒక్కటే ఉండదు. పులియబెట్టిన ద్రవపు అవశేషాలు, లేబుల్ మీద "ఇతర పదార్థాలు" అని ఒక్క మాటతో సరిపెట్టినవీ ఉంటాయి. వాటి ఆవిర్లు ఇళ్ల దాకా ఎంత చేరుతున్నాయో చూడడమే మన పని.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది సీసా పరీక్ష. మూత బిగించిన గాజు సీసాలో కాస్త మందు పోసి, పైన చేరిన ఆవిరిని పిచికారీకి ముందే, రసాయనాలను విడదీసి గుర్తుపట్టే యంత్రమైన జీసీ-ఎంఎస్‌లో నడిపాం. గ్రాఫులో ఏ శిఖరం మందుది, ఏది వాహనాల పొగది అని పోల్చుకునే ఆధారం అలా దొరికింది. ఈ ఆలోచన ప్రయోగశాల ఉపసంఘానిది; వారికీ, రాత్రంతా యంత్రం దగ్గర కూర్చున్నవారికీ, పంపులు అరువిచ్చినవారికీ కృతజ్ఞతలు.

బయట టెనాక్స్ ట్యూబులు, అంటే గాలిలోని ఆవిర్లను పట్టి ఉంచే పొడి నింపిన గొట్టాలు, వాడాం. నిమిషానికి 100 మి.లీ. చొప్పున గంటసేపు లాగితే 6 లీటర్ల గాలి. ట్యూబులో 12 నానోగ్రాములు దొరికితే ఘనపు మీటరుకు 2 మైక్రోగ్రాములన్నమాట. పంపు వేగాన్ని మొదట్లోనే కాదు, చివర్లోనూ కొలవాలి. బ్యాటరీ నీరసిస్తే ఈ లెక్కంతా తప్పుతుంది. కొన్నిచోట్ల రెండో ట్యూబు వెనక తగిలించాం. అందులో మొత్తంలో 5 శాతానికి మించి కనబడితే మొదటిది నిండి కారిపోయినట్టే, గాలి తక్కువ లాగాలి. ట్యూబు నోరు పైకి పెడితే తుంపర నేరుగా లోపల పడి, ఆవిరి లెక్క అమాంతం పెరుగుతుంది. నోరు కిందికే ఉండాలి, పైన గొడుగులాంటి మూత ఉండాలి. ఫార్మాల్డిహైడ్ టెనాక్స్‌కు చిక్కదు. దానికి, దాన్ని రసాయన చర్యతో పట్టుకునే డీఎన్‌పీహెచ్ గుళిక, ముందు ఓజోన్‌ను ఆపే పొటాషియం అయోడైడ్ కావాలి. ఓజోన్ తగిలితే టెనాక్సే బెంజాల్డిహైడ్‌ను పుట్టిస్తుంది, ఆ శిఖరాన్ని మందు మీదికి నెట్టకండి. ఆవిర్లను కాంతితో కొలిచే చేతి పీఐడీ మీటరు మొత్తం అంకె చూపుతుంది తప్ప ఏ రసాయనమో చెప్పదు, పైగా తేమలో తడబడుతుంది.

పిచికారీ వేళ ముందుగా తెలపమని రాసిన ఉత్తరాలకు సంబంధిత కార్యాలయం జవాబివ్వలేదు. మందు చల్లాక పంపులు ఆన్ చేస్తే "ముందు" నమూనా ఎక్కడి నుంచి తేవాలి? పేర్లిచ్చి రాని స్వచ్ఛంద సభ్యుల సంగతీ అంతే. వారు రాక, గాలి వచ్చే వైపు నమూనా కేంద్రం ఖాళీగా ఉంటే, గాలి పోయే వైపు ఎంత జాగ్రత్తగా కొలిచినా అందులో మందు వాటా ఎంతో తేల్చలేం.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆమోదించగలరు.

ట్యూబులు ఇంకా ఇళ్లలో ఉంచుకున్నవారు మూతలు బిగించి, 4 డిగ్రీల లోపు చల్లగా ఉంచి, వెంటనే పంపండి. నమూనా తీసిన 30 రోజుల్లోపు పరీక్ష జరగాలి. తెరవని ఖాళీ ట్యూబు ఒకటి తప్పక కలపండి.

కార్యదర్శి