పని ఆపించే పాట

పిన్నీ, చేస్తున్న పని ఆపించి మరీ వినిపించే పాట ఏదని నువ్వడిగావు కదా, నాకైతే ‘నీలి మేఘాలలో’. పోపు వేస్తున్నా సరే, రేడియోలో అది మొదలైతే స్టవ్ కట్టేసి వింటాను. 1961 నాటి ‘బావా మరదళ్లు’లోది. ఆరుద్ర రాశారు, పెండ్యాల గారి బాణీ. ఘంటసాల గారూ పాడారు, ఎస్. జానకి గారూ పాడారు. బాబాయ్ ఒప్పుకోడు గానీ నాకు జానకి గారిదే ప్రాణం. ‘కెరటాలలో’ అన్నచోట ఆ గొంతు ఎంత తేలిగ్గా సాగుతుందో! ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి వినండి.

మిగతావాళ్లు కూడా మీ పాట ఇక్కడ పెట్టండి. సినిమా పేరు, పాడినవాళ్ల పేరు తప్పకుండా రాయండి. రీమిక్స్‌లు మాత్రం వద్దు. ఆదివారం అమ్మమ్మ వాళ్లింట్లో అన్నీ వరసగా వేద్దాం. స్పీకర్ నేను తెస్తాను.