వార్షిక నివేదిక 2024–25 (సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సమర్పించినది)

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

పేదింటి పిల్లలు బడి మానకుండా చూడటానికే మన సంఘం పుట్టిందని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా ఏడాది పనిలోకి వస్తాను. రేణిగుంట వైపు యానాది గిరిజనుల కాలనీలోనూ, తిరుపతి ఊరి చివర చిత్తు కాగితాలు ఏరుకునే కుటుంబాల మధ్యా మన పని ఎప్పటిలాగే సాగింది. సాయంత్రం తరగతులు గుడి అరుగు మీద నడిచాయి. వానల్లో అంగన్‌వాడీ గది తాళం మన చేతికిచ్చిన టీచరమ్మకు మొదటి కృతజ్ఞతలు. నోటు పుస్తకాలు కొన్న ధరకే ఇచ్చిన గాంధీ రోడ్డు షాపు యజమానికి, శనివారాలు సుండలు పంపిన హోటల్ వారికి, మనం ఎప్పుడు వెళ్ళినా విసుక్కోని హెడ్మాస్టరు గారికి, హాస్టల్ వార్డెన్ మేడమ్‌కు సంఘం తరఫున ధన్యవాదాలు.

జూన్‌లో పిల్లల్ని బడిలో వేయడం పెద్ద కష్టం కాదు. పుస్తకాలు, బ్యాగు, బూట్లు ప్రభుత్వమే ఇస్తుంది, మధ్యాహ్నం అన్నం అక్కడే. అసలు టెన్షన్ సంక్రాంతి తర్వాత మొదలవుతుంది. వానాకాలం పనుల్లేనప్పుడు, బట్టీలకు కూలీలను కుదిర్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు సంక్రాంతి కాగానే ఇంటిల్లిపాదీ ఇటుక బట్టీకి పోవాలి. శ్రీకాళహస్తి వైపు కొందరు, తమిళనాడు సరిహద్దు దాటి తిరువళ్ళూరు వైపు కొందరు. అక్కడ కూలి వెయ్యి ఇటుకలకు ఇంతని. పిల్లవాడు పచ్చి ఇటుకలు తిప్పి ఆరబెడితే అదీ పెద్దవాళ్ళ లెక్కలోనే కలుస్తుంది. అందుకే వాణ్ణి వదిలి వెళ్ళమంటే తల్లిదండ్రులకు రోజు కూలి తగ్గినట్టే ఉంటుంది. జూన్‌లో తిరిగొచ్చేసరికి పాఠాలు మరిచిపోతాడు, చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడతాడు, మరుసటి ఏడాది బట్టీలోనే ఉండిపోతాడు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ కూలి పనిలోనూ పెట్టకూడదని 2016లో చట్టాన్ని సవరించారు. బట్టీ దగ్గర ఆ మాట అడిగే నాథుడు లేడు.

అందుకే ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది జనవరి మొదటి వారంలో కాలనీలో పెట్టిన తల్లిదండ్రుల సభ. ముఖ్య అతిథిగా వచ్చిన విశ్రాంత లెక్చరర్ గారు, పేద దేశాల్లో పిల్లలందరూ కనీసం చదవడం నేర్చుకుని బడి దాటితే 17.1 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడతారని యునెస్కో వేసిన అంచనా చెప్పారు. మంచి మాటే, కానీ వినేవాళ్ళలో సగం మంది ఆవలిస్తున్నారు. అప్పుడు ఒకావిడ రొంటిన దోపుకున్న, మేస్త్రీ రాసిన పోయినేటి బట్టీ లెక్కల పుస్తకం తీసి, మన తరగతికి వచ్చే ఐదో క్లాసు పిల్లవాడి చేతికిచ్చింది. "యేం రాసినాడో చదువు నాయనా" అంది. వాడు ఒక్కో వరస మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. బియ్యం 1,200. ఆస్పత్రి ఖర్చు 800. మళ్ళీ బియ్యం 1,200. "తేదీ చూడు" అంది. రెండు పద్దులకూ ఒకటే తేదీ. "ఒక్క మూటకు రెండు తూర్లు రాసినాడే సామీ!" అని ఆవిడ లేచి నిలబడింది. ఇక ఉపన్యాసం సాగలేదు. పక్కవాళ్ళూ ఇళ్ళకు పోయి తమ పుస్తకాలు తెచ్చి వాడి ముందు పెట్టారు. మేస్త్రీ మొదట గట్టిగా అరిచినా, చివరికి ఆ పద్దు కొట్టేశాడు. అప్పు కింద మనిషిని పనికి కట్టేయకూడదనే వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. ఆ ఇంటికి దాని గాలి సోకింది మాత్రం ఈ జనవరిలోనే అని నా అభిప్రాయం.

ఆ సభ తర్వాత కొందరు పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి వెళ్ళారు, కొందరిని వలస వెళ్ళేవాళ్ళ పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లో చేర్చాం. అందరూ నిలిచారని చెప్పను. ఉగాదికి ఇంటికొచ్చిన ఇద్దరు మళ్ళీ హాస్టల్ ముఖం చూడలేదు.

కాగితాల సంగతి. వయసు ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు, ఈడుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. 2009 విద్యాహక్కు చట్టంలో ఇవన్నీ ఉన్నాయి. అయినా ప్రతి జూన్‌లోనూ ఆ పేజీల జిరాక్సు పట్టుకుని తిరగాల్సి వస్తోంది. కులం సర్టిఫికెట్ దగ్గరైతే ఒకరోజు సర్వర్ లేదంటారు, ఇంకోరోజు సారు మీటింగ్‌లో ఉన్నారంటారు. కూలి మానుకుని వచ్చిన మనిషిని 'రేపు రా' అనడం ఎంత తేలికో! పేద విద్యార్థుల స్కాలర్‌షిప్ కోసం ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షలో మన పాప ఒకతె ఎంపికైంది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తుంది. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉండటంతో ఆ స్కాలర్‌షిప్ చేజారేదే. మన సహాయ కార్యదర్శి పట్టువదలకుండా తిరిగి సరిచేయించారు. 2025 జూన్‌లో, పిల్లల్ని బడికి పంపే తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం కింద పిల్లకు 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడింది. ఖాతాకు ఎన్పీసీఐ లింకు (ప్రభుత్వ డబ్బు నేరుగా పడేందుకు ఆధార్‌తో జోడింపు) లేని తల్లులకు పడలేదు. ఆ జాబితా నా దగ్గరుంది, బ్యాంకుకు వెంట వెళ్ళడానికి మనుషులు కావాలి.

మనుషులంటే గుర్తొచ్చింది. మన వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలకు కొదవ లేదు. పదో తరగతి పరీక్షల ముందు రాత్రి చదువులకు కూర్చోవడానికి మాత్రం పేర్లిచ్చిన వాళ్ళలో చాలామందికి పెళ్ళిళ్ళు, కొండకు చుట్టాలు, నడుం నొప్పులు వచ్చాయి. ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) హాస్టల్ నుంచి సైకిల్ మీద వచ్చిన ఇద్దరు విద్యార్థులు లేకపోతే ఆ నెల గడిచేది కాదు. వాళ్ళు మన సభ్యులు కూడా కారు. ఇవాళ వాళ్ళకు శాలువా కప్పుతున్నాం, దయచేసి అందాకా ఉండండి.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది, ఆడిటర్ గారు సంతకం చేశారు. నిల్వ స్వల్పం. వివరాలు కావాల్సినవాళ్ళు కోశాధికారిని అడగవచ్చు.

వచ్చే ఏడాది మేస్త్రీలు అడ్వాన్సులు పంచకముందే, అంటే వినాయక చవితి లోపే, కాలనీలో సభ పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. సాయంత్రం తరగతుల డ్యూటీ చార్టు టీ బల్ల పక్కన పెట్టాం. రాగలిగిన రోజు ఎదుటే పేరు రాయండి. చందా బాకీ ఉన్నవారు కోశాధికారి వెళ్ళిపోకముందే కట్టి రసీదు తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి