పర్లాకిమిడి చిన్న రైలుపెట్టెకు కొలతలు కావాలి

సంపాదకులకు,

అయ్యా,

నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా ఒకప్పుడు నడిచిన నారోగేజి రైలు గురించి పత్రికల్లో అప్పుడప్పుడు వ్యాసాలు వస్తుంటాయి. వాటిలో ఆవిరి ఇంజను బొమ్మ ఉంటుంది, లైను వేయించిన పర్లాకిమిడి రాజావారి ప్రస్తావన ఉంటుంది. జనం ఎక్కి దిగిన ప్రయాణికుల పెట్టె గురించి మాత్రం ఒక వాక్యమైనా కనిపించడం అరుదు. మా పెరటి తోటలో వేసుకున్న చిన్న పట్టాల మీద నడిపేందుకు అలాంటి పెట్టె ఒకదాన్ని, తయారుగా దొరికే విడిభాగాలేవీ వాడకుండా, చెక్కతోనూ ఇత్తడితోనూ మొదటినుంచీ నేనే చేసుకుంటున్నాను. ఆ పని నాకు నేర్పిన విషయాన్ని మీ పాఠకుల ముందు, వీలైతే రైల్వే అధికారుల ముందు ఉంచాలనే ఈ లేఖ రాస్తున్నాను. ఆ పెట్టెల కొలతలూ నక్షాలూ ఇప్పుడైనా సేకరించి అందరికీ అందేలా పెట్టకపోతే, అవి ఎలా ఉండేవో నమ్మకంగా చెప్పగల ఆధారం రేపటివాళ్లకు ఉండదు.

పర్లాకిమిడి జమీందారీ సొంత ఖర్చుతో వేయించిన ఈ లైను మీద 1900 ఏప్రిల్ 1న రైళ్లు మొదలయ్యాయి. నౌపడ నుంచి పర్లాకిమిడికి సుమారు 40 కిలోమీటర్లు. 1931 నాటికి లైను గుణుపురం చేరింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 2004లో నారోగేజి రైళ్లు ఆగిపోయి, ఆ తరవాత అదే మార్గంలో బ్రాడ్‌గేజి వచ్చింది. ఆ మార్పును నేను తప్పుపట్టడం లేదు. పలాసకో, విశాఖపట్నానికో వెళ్లాల్సిన మనిషి నౌపడలో సామాను దించుకుని మరో రైలు కోసం కాచుకోవలసిన రోజులు పోవడం మంచిదే. నా బాధ వేరు. ఇంజను ఇనుము కాబట్టి ఏదో ఒక స్టేషను ముందు దిమ్మె మీదకు ఎక్కుతుంది, దానికి ఏడాదికోసారి రంగు కూడా వేస్తారు. పెట్టె అలా కాదు, దాని ఒళ్లంతా చెక్క. పైకప్పు కారిన రోజు నుంచి చెక్క చివుకుతుంది, చెక్క పోయాక కింది ఇనుప చట్రం పాత ఇనుము లెక్కన తూకానికి పోతుంది. దాన్ని గీసిన కాగితం ఎక్కడో ఒక బీరువాలో ఉన్నా, అడిగేవాళ్లు లేకపోతే అదీ చెదలపాలవుతుంది.

నమూనాకు ఎంచుకున్న నిష్పత్తి ఈ లైనుకు అచ్చంగా సరిపోయింది. అసలు పెట్టెలోని ప్రతి అడుగుకూ నమూనాలో అర అంగుళం, అంటే ఇరవై నాలుగో వంతు. ఆ లెక్కన రెండున్నర అడుగుల పట్టాల దూరం ఒకటింపావు అంగుళం అవుతుంది. తోట రైళ్లకు ప్రపంచమంతటా వాడే 32 మిల్లీమీటర్ల పట్టాలకు ఇది పావు మిల్లీమీటరు తేడాతో సరిపోతుంది. ఆరడుగుల తలుపు మూడంగుళాలు, అంగుళం మందం పలక ఒక మిల్లీమీటరు, అర అంగుళం లావు కిటికీ ఊచ అర మిల్లీమీటరు తీగ. ఈ లెక్కకు కాలిక్యులేటరు అక్కర్లేదు, వడ్రంగి టేపు చాలు.

అసలు కొలత తెలిస్తేనే ఈ లెక్కంతా పనికొస్తుంది. నక్షా లేనప్పుడు పాత ఫొటోల నుంచి కొలత రాబట్టుకోవలసి వస్తుంది. అందుకు మనకు కచ్చితంగా తెలిసిన కొలత ఒక్కటే, పట్టాల మధ్య దూరం. పెట్టెను చివరి వైపు నుంచి తీసిన ఫొటోలో, సరిగ్గా ఆ గోడ కిందనున్న పట్టాల మధ్య దూరం 20 మిల్లీమీటర్లు వచ్చి, గోడ వెడల్పు 56 మిల్లీమీటర్లు ఉంటే, ఆ పెట్టె వెడల్పు ఏడడుగులని తేలుతుంది. గోడకు ముందో వెనకో ఉన్న పట్టాలను కొలిస్తే లెక్క తప్పుతుంది. పొడవు రాబట్టడం ఇంతకంటే కష్టం. పక్కనుంచి తీసిన ఫొటోలో కిటికీలు దూరం జరిగేకొద్దీ ఇరుకుగా కనిపిస్తాయి కనుక, ఒక కిటికీని కొలిచి మొత్తం కిటికీల సంఖ్యతో గుణిస్తే సరైన పొడవు రాదు. ప్రతి కిటికీకీ విడిగా లెక్క వేసుకోవాలి. ఎంత శ్రద్ధగా చేసినా ఇది ఊహకు దగ్గరగా ఉండే పనే. ఒక్క నక్షా చేతికందితే ఈ శ్రమ అంతా ఒక పూట పని.

ఇక తయారీ గురించి. గోడకు ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లైవుడ్డు తీసుకుని, తలుపులూ కిటికీలూ కోసి, దానిపైన నిలువు పట్టీలనూ అడ్డ పట్టీలనూ పలుచని టేకు చీలికలతో అంటిస్తున్నాను. అసలు వడ్రంగి ముందు చట్రం కట్టి తరవాత పలకలు బిగించాడు. నా పనిలో ఆ వరస తారుమారైనా నీడలు పడే తీరు అలాగే వస్తుంది. పైకప్పుకు పలుచని ప్లైవుడ్డును వేడినీళ్లలో నానబెట్టి, గుండ్రని అచ్చు మీద వంచి, ఆరేదాకా తాడుతో బిగించి ఉంచాలి. ఆ కాలపు చెక్క పైకప్పుల మీద కాన్వాసు గుడ్డ పరిచి రంగు పట్టించేవారు. నమూనాకు మిక్కిలి సన్నని నేత గుడ్డ కావాలి. మామూలు గుడ్డ వేస్తే దాని పోగులు ఈ నిష్పత్తిలో తాళ్లంత లావుగా కనిపిస్తాయి. మా జిల్లా తీరంలో వానా ఉప్పుగాలీ రెండూ ఉన్నాయి కనుక నీటికి ఊడని జిగురే వాడాలి, చెక్క కోసిన అంచులన్నిటికీ రంగుకన్నా ముందు వార్నిష్ తాగించాలి.

చక్రాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా పట్టాలు తప్పే పెట్టెను నడపలేం. తోటలో నేల ఎప్పుడూ సమంగా ఉండదు, ఒక్క వానకే పట్టాలు అటో ఇటో ఒరుగుతాయి. అందుకని పెట్టె రెండు చివరలా ఉండే నాలుగు చక్రాల ట్రక్కుల్లో ఒకదాన్ని ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగేలా, రెండోదాన్ని అన్ని వైపులా ఊగేలా బిగించాలి. అలా చేస్తే బరువు మూడు చోట్ల ఆనుతుంది, ఏ చక్రమూ గాలిలో తేలదు. బరువు కోసం సీసపు ముక్కలను నేల పలక కింద, వీలైనంత దిగువన అమర్చాలి. ఇరుసు పెట్టెల (ఇరుసు కొసలను పట్టి ఉంచే చిన్న డబ్బాల) మూతలకు మా జిల్లాలోనే మంచి దారి ఉంది. సారవకోట మండలంలోని బుడితి ఇత్తడి, కంచు పనికి తరతరాలుగా పేరున్న ఊరు. మా రైలు దారికి అదేమంత దూరం కాదు. ఒక మూత నమూనాగా చేసి ఇస్తే అలాంటివి ఎన్నైనా పోత పోయగల పనివారు అక్కడ ఉన్నారు. పైకప్పు మీది గాలి గొట్టాల టోపీలను ఏటికొప్పాక వారిలా అంకుడు కర్రతో తరిణె పట్టించవచ్చు. కొండపల్లి బొమ్మల పొనికి కర్ర మాత్రం ఎండకూ వానకూ నిలబడవలసిన ఈ పనికి మరీ మెత్తన. ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టే నమూనాకైతే అంతకన్నా అనువైన కర్ర లేదు.

ఇక్కడ ఇంగ్లండు ఉదాహరణ ఒకటి చెప్పాలి. స్టాఫర్డ్‌షైర్‌లో లీక్ అండ్ మానిఫోల్డ్ అనే చిన్న లైను 1904లో మొదలై 1934లో మూతపడింది. దానిదీ రెండున్నర అడుగుల గేజే. దాని ఇంజనీరు ఎవరార్డ్ కాల్త్రాప్ అంతకు ముందు మన దేశంలో, మహారాష్ట్రలోని బార్సీ లైట్ రైల్వేను 1897లో నడిపించినవాడు. అక్కడి అనుభవాన్నే ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. ఆ లైనుకు మొత్తం ఉన్నవి నాలుగే ప్రయాణికుల పెట్టెలు. పట్టాలు పీకేసి, ఆ దారిని కాలిబాటగా మార్చి ఎనభై ఏళ్లు దాటినా, లేత పసుపు రంగు వేసిన ఆ పెట్టెలను తోట రైళ్లవారు నేటికీ చేసుకుంటున్నారు. కారణం వాటి కొలతల నక్షాలు అచ్చయి ఉండటమే. మన లైను నూరేళ్లకు పైగా నడిచింది, ఆగిపోయింది నిన్నమొన్న, దానిలో ప్రయాణించినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. అయినా మన పెట్టె తలుపు వెడల్పు ఎంతో కాగితం చూసి చెప్పగలవారు నాకు తారసపడలేదు.

రైల్వే శాఖకు నా విన్నపం ఇది. వర్క్‌షాపుల్లో, డివిజను కార్యాలయాల్లో నారోగేజి పెట్టెల నక్షాలు మిగిలి ఉంటే వాటిని స్కాన్ చేసి ప్రజలకు ఉచితంగా అందుబాటులో ఉంచాలి. భద్రత పేరుతో దాచవలసినదేదీ వాటిలో ఉండదు. నాగపూర్‌లోని మోతీబాగ్ నారోగేజి మ్యూజియంలోనూ ఇతర చోట్లా నిలిచి ఉన్న పెట్టెలను, ఆ ఊళ్లలోని పాలిటెక్నిక్ విద్యార్థుల చేత కొలిపించి గీయించవచ్చు; వాళ్లకు డ్రాయింగు పాఠమూ అయినట్టుంటుంది, అయ్యే ఖర్చూ స్వల్పమే.

టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల పాఠకులను కూడా ఒక సాయం అడుగుతున్నాను. పెళ్లి ఆల్బముల్లోనో, ఉద్యోగ విరమణ సన్మానాల ఫొటోల్లోనో వెనక ఈ రైలుపెట్టె కొంచెమైనా కనిపిస్తుంటే దయచేసి వాటిని ఈ పత్రిక కార్యాలయానికి పంపండి, వెనకవైపు ఏ సంవత్సరమో రాయండి. తలుపు గొళ్లెం, కిటికీ రెక్క, లోపలి బల్ల, సంఖ్య రాసిన ఇత్తడి పలక వంటివి ఇంట్లో ఉన్నవాళ్లు వాటి పక్కన స్కేలు పెట్టి, ఎదురుగా నిలబడి, కెమెరాను వంచకుండా ఫొటో తీయండి. సంపాదకులు వాటిని ఆదివారం సంచికలో ఒక పేజీగా ప్రచురిస్తే, ఆ పేజీని ముందు పెట్టుకుని పని చేయడానికి నాలాంటివాళ్లు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా