మీడియం రింగుల విషయంలో తప్పు నాదే

దీపావళి తర్వాత మన షాపులో ఎయిర్ రైఫిల్‌కి స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించుకున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. స్కోప్‌ని రైఫిల్ మీద పట్టి ఉంచేవి రింగులు. మీలో 17 మందికి నేను తప్పు ఎత్తువి ఇచ్చాను.

కె.ఆర్.పురంలో షాపు పెట్టినప్పటి నుంచి 40 ఎం.ఎం. స్కోపులకు నేను వాడేది ఒకే రకం మీడియం రింగులు. రింగు అడుగు భాగం నుంచి స్కోప్ గొట్టం మధ్యకు 25 మిల్లీమీటర్లు. ముందు అద్దం 40 అయినా స్కోప్ మూతి బయటి కొలత 47, 48 దాకా ఉంటుంది. అందులో సగం 24. స్కోప్ కింద ఉండే రైఫిల్ సిలిండర్‌కి, స్కోప్ మూతికి మధ్య మిల్లీమీటరు సందు మిగులుతుంది. ఎక్కడా తగలదు, చెంప బట్ (రైఫిల్ వెనక భాగం) మీద ఆనిస్తే కన్ను సరిగ్గా స్కోప్ వెనక్కే వస్తుంది.

ఈసారి సప్లయర్ వేరే కంపెనీ సరుకు పంపాడు. డబ్బా మీద మీడియం అనే ఉంది. బిగిస్తే కాస్త ఎత్తుగా అనిపించింది. మూతి తగలడం లేదు కదా, ఎత్తయితే నష్టమేముంది అనుకున్నాను. డ్రాయర్‌లో వెర్నియర్ కాలిపర్ ఉంది, తియ్యలేదు. ఇన్నేళ్ల పని, నా కంటికి కొలత ఎందుకన్న పొగరు.

"అన్నా, తల పైకెత్తితేనే బొమ్మ పూర్తిగా కనిపిస్తోంది, పెల్లెట్లు తలా ఒక చోట పడుతున్నాయి" అని ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ప్రాక్టీస్ చెయ్యి, అన్నీ సర్దుకుంటాయి అన్నాను. అదే మాట ఇంకో ఇద్దరు అన్నాక, ఆ రింగులే నా రైఫిల్‌కి బిగించి కోలార్ దగ్గర మా బావమరిది మామిడి తోటకు తీసుకెళ్లాను. బట్ మీద చెంపకి బదులు గడ్డం ఆనుతోంది. 25 మీటర్లకు జీరో చేసి, అంటే ఆ దూరంలో పెల్లెట్ సరిగ్గా గురి మీదే పడేలా స్కోప్ సర్ది, 10 మీటర్ల కాగితం మీద కొడితే ఎప్పటికంటే కిందికి పడింది. స్కోప్ ఎంత ఎత్తుకెళితే దగ్గరి గురి అంత కిందికి పోతుంది మరి. రాత్రి ఇంటికొచ్చి కాలిపర్ తీశాను. మధ్యకు 31 మిల్లీమీటర్లు.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే, "మీరు మీడియం అడిగారు, మీడియమే పంపాను" అన్నాడు. కడుపు మండింది, ఎందుకంటే ఆ మాట తప్పు కాదు. లో, మీడియం, హై అన్నవాటికి అందరూ ఒప్పుకున్న కొలతేమీ లేదు, ఏ కంపెనీ ఇష్టం దానిది. పైగా కొందరు రింగు మధ్యకు కొలుస్తారు, కొందరు రింగు లోపలి అడుగుకు. ఒక అంగుళం గొట్టానికి ఆ తేడాయే 12.7 మిల్లీమీటర్లు. కానీ కంపెనీ మారిందని ఒక్క మెసేజ్ పెట్టొచ్చు కదా? ఇన్నేళ్లు రొక్కం పెట్టి కొన్నవాణ్ణి. వాపసు తీసుకోను అన్నాడు. బట్‌కి ఫోమ్ ప్యాడ్ అంటించి ఇచ్చెయ్యండి, ఎవరికీ తెలియదు అని సలహా కూడా ఇచ్చాడు.

ఆ సలహా రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. ప్యాడ్ 200 రూపాయలు. నా రైఫిల్‌కే అంటించి చూశాను, చెంప బాగానే ఆనింది. ఫ్రీ గిఫ్ట్ అని ఇస్తే మీరు థాంక్స్ కూడా చెప్పేవాళ్లు. అక్కడే నావల్ల కాలేదు. పీకేశాను, జిగురు మరక ఇంకా పోలేదు.

25 మిల్లీమీటర్ల రింగులు వేరే చోట తెప్పించాను. జతకు 150 ఎక్కువ, అది నేనే పెట్టుకుంటాను. పాతవి తెస్తే మార్చి, మళ్లీ ఫ్రీగా బిగిస్తాను. రింగుల డబ్బే కావాలన్నా ఇస్తాను. ఫిట్టింగ్ చార్జీ మాత్రం వెనక్కి అడగొద్దు, స్కోప్ వంకర లేకుండా లెవెల్ నేను సరిగ్గానే పట్టాను.

50 ఎం.ఎం. స్కోప్ ఉన్నవాళ్లు మార్చుకోకండి. దాని మూతి 57 దాకా ఉంటుంది, మీకు 31 కావాల్సిందే. మ్యాగజైన్ (పెల్లెట్లు పెట్టే డబ్బీ) పైకి పొడుచుకొచ్చే పీసీపీలకూ (ముందే గాలి నింపి పెట్టుకునే రైఫిళ్లకూ) అంతే. 10 మీటర్ల పోటీలకు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు టెన్షన్ పడొద్దు, అక్కడ అసలు స్కోపే ఉండదు.

ఇక మీదట ప్రతి డబ్బా మీద మధ్యకు ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి నా చేత్తో రాస్తాను. ఈ నెల ఆదివారాలు కూడా షాపు ఉంటుంది.

మొదట ఫోన్ చేసిన తమ్ముడు ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు. నీ జత పక్కన పెట్టాను, వచ్చి తీసుకెళ్లు.