వంశచరిత్రకు సంఘం ఎందుకంటే

చెన్నై

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. వంశవృక్షం రాయడానికి పూనుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. అయితే, ఎవరి వంశం వాళ్లు రాసుకుంటే సరిపోయేదానికి సంఘం ఎందుకని అడిగావు చూడు, దానికి కాస్త వివరంగానే జవాబు చెప్పాలి. ఒక ప్రాంతంవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం లేనిదే ఈ పని రెండు మూడు తరాలు దాటి సాగదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంగ్లండులో ఇలాంటి ప్రాంతీయ సంఘాలు చాలా ఉన్నాయి. 1974లో వాటికొక సమాఖ్య కూడా ఏర్పడింది. సభ్యులు శ్మశానాలకు వెళ్లి సమాధుల మీది రాతలను, 1538లో మొదలైన చర్చి పుస్తకాల్లోని బాప్తిస్మ, వివాహ, ఖననాల వివరాలను ఓపికగా ఎత్తి రాసి, పేర్ల పట్టికలు తయారుచేస్తారు. తన ముత్తాత కోసం వెతుకుతూ ఒకరు రాసిన పట్టికలో ముక్కూ ముఖం తెలియని మరొకరికి తమ ముత్తవ్వ దొరుకుతుంది. బ్రిటిషు ఇండియాలో బతికిన కుటుంబాల కోసం 1998లో పుట్టిన ఒక సంఘం మన మద్రాసు చర్చిల వివరాలను సైతం ఇలాగే పట్టికలకెక్కించింది. ఇక్కడి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో 1753లో రాబర్ట్ క్లైవుకు పెళ్లయిందని ఈనాటికీ చెప్పగలుగుతున్నాం. అదే ఏడు కోట బయట చెన్నపట్నంలో జరిగిన తెలుగువారి పెళ్లిళ్ల గురించి అడిగితే ఎక్కడ వెతకాలో కూడా తోచదు.

అలాగని మనకు ఆధారాలు లేవనుకోకు. తద్దినాల్లో చెప్పుకునే మూడు తరాల పేర్లున్నాయి, గయలో పండాల (తీర్థ పురోహితుల) దగ్గర యాత్రికుల కుటుంబాల పేర్లు రాసుకునే బహీలున్నాయి, పాత ట్రంకుపెట్టెల్లో దస్తావేజులున్నాయి. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నవి ఇనాము రిజిస్టర్లు, అంటే మాన్యం భూముల వివరాలు రాసిన పుస్తకాలు. 1858లో ఏర్పడిన ఇనాము కమిషను ఊరూరా విచారించి, మాన్యం మొదట ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, అతని వయస్సెంత, మొదటివాడికి ఏమవుతాడు అని గడులు గీసి మరీ రాయించింది. ఒక్క వరుస దొరికితే చాలు, ఒక కుటుంబం తరాల వెనక్కి వెళ్లిపోవచ్చు! అయితే 1909లో మద్రాసు రికార్డాఫీసుగా మొదలై ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్‌గా ఉన్న ఎగ్మూరు కార్యాలయంలోనే అన్నీ లేవు. మద్రాసు, ఆంధ్ర రాష్ట్రాలు విడిపోయాక తెలుగు జిల్లాల కాగితాలు కొంతవరకు హైదరాబాదు చేరాయి. ఇక్కడ నేను, అక్కడ ఇంకొకరు, బెంగళూరులో నువ్వు ఉంటే తప్ప ఒక కుటుంబం కథ పూర్తికాదు.

చెన్నై తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. ఇక్కడి పద్ధతి ప్రకారం పేరుకు ముందుండే అక్షరం తండ్రి పేరుది, ఇంటిపేరుది కాదు. నెల్లూరులో ఉండిపోయిన తమ్ముడి సంతతికి ఇంటిపేరు నిలుస్తుంది, ఇక్కడికి వచ్చి స్థిరపడిన అన్న మనవలకు బడి సర్టిఫికెట్లలోనే అది జారిపోతుంది. ఆ రెండు కొమ్మలూ మళ్లీ కలవాలంటే ఊరు, గోత్రం, తండ్రి తాతల పేర్లు పక్కపక్కనే పెట్టి కూర్చిన పట్టిక కావాలి. జనాభా లెక్కల్లో చూద్దామంటే, 1948 చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు. కాబట్టి మన పట్టిక మనమే తయారుచేసుకోవాలి, అదీ పెద్దవాళ్లు ఉండగానే.

ఆడవాళ్ల పుట్టింటి పేర్లు రాయని వంశవృక్షాలు చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. సగం మనుషుల్ని వదిలేసి వంశమని ఎలా అంటాం? మన సంఘమంటూ ఏర్పడితే మొదటి నియమం ఇదే కావాలని నా కోరిక.

ప్రస్తుతానికి నువ్వు చేయవలసింది ఒకటే. అమ్మగారి దగ్గర తీరిగ్గా కూర్చుని, ఆవిడ పుట్టిల్లు, అమ్మమ్మ, తాతమ్మల పుట్టిళ్లు, వాళ్ల ఊళ్లు అడిగి రాసుకో. ప్రతి పేరు పక్కన అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశావో కూడా రాయి. ఒక నకలు నాకు పంపు. మా వైపువి నేను ఇప్పటికే మొదలుపెట్టాను, నీవి రాగానే రెండూ కలిపి చూస్తాను.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు