సగం తెరిచిన బడి గురించి విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి,

నమస్కారాలు. మా ఇద్దరు ఆడపిల్లలూ ఆడపిల్లల ప్రభుత్వ వసతి బడి అయిన కస్తూర్బా విద్యాలయంలోనే ఉండి చదువుకుంటున్నారు. పెద్దమ్మాయి పదో తరగతి, చిన్నమ్మాయి ఏడో తరగతి. అక్కడి టీచర్లు, సిబ్బంది సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద పని చేసే కాంట్రాక్టు ఉద్యోగులు. ఆ ఉద్యోగుల సమ్మె 2024 డిసెంబరులో మొదలైంది. ఆనాటి నుంచి ఈ 2025 జనవరి మొదటి వారం దాకా నేనూ, నాతో పాటు మరికొందరు తల్లిదండ్రులూ కలిసి మూడు అర్జీలు పెట్టుకున్నాం. రెండింటిని అధికారులు అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణిలో వరుసలో నిలబడి ఇచ్చాం, మూడోదాన్ని మండలంలో ఇచ్చాం. మూడింటికీ రశీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను. నేను ఇంటర్ వరకే చదివాను కనుక మాటల్లో తప్పులుంటే మన్నించండి.

ఎక్కడికి వెళ్లి అడిగినా మాకు చెబుతున్న మాట ఒక్కటే. బడి మూతపడలేదు, పాక్షికంగా నడుస్తోంది, ఆందోళన పడవద్దు అంటున్నారు. అయ్యా, ఈ పాక్షికం అన్న మాటకు మా పిల్లల దినచర్యలో ఏమి అర్థం ఉందో మీరు తెలుసుకోవాలని నా కోరిక. ఉదయం గంట కొడుతున్నారు, ప్రార్థన జరుగుతోంది, హాజరు పడుతోంది. ఆ తర్వాత పక్క ఊరి ఉన్నత పాఠశాల నుంచి సర్దుబాటు మీద పంపిన ఒకరో ఇద్దరో టీచర్లు వస్తున్నారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్న పిల్లలందరినీ ఆ ఇద్దరే చూసుకోవాలి. వాళ్లకు తమ సొంత బడిలో తమ పాఠాలు తమకు ఉన్నాయి కనుక మధ్యాహ్నానికల్లా తిరిగి వెళ్లిపోతున్నారు. ఆ తర్వాత పెద్ద పిల్లలు చిన్న పిల్లలను కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించడం, పాత పాఠాలను చూసి రాయించడం, అంతే. మా చిన్నమ్మాయి తరగతికి గత పది రోజులుగా తొమ్మిదో తరగతి అమ్మాయే టీచరు. ఆ పిల్ల ఎంతో ఓపికగా చెబుతోందట, సంతోషమే, కానీ ఆ పిల్లకు చెప్పేవాళ్లు ఎవరు?

పదో తరగతి సంగతి చెబుతాను, ఎందుకంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనిది దాని గురించే. మార్చి 21 నుంచి పరీక్షలని కాలపట్టిక ఇచ్చారు. జనవరి 10 కల్లా పదో తరగతి సిలబస్ పూర్తి కావాలని ఈ ఏటి విద్యా క్యాలెండర్‌లో మీ శాఖే రాసింది. మా అమ్మాయి గణితం త్రికోణమితి దగ్గర ఆగిపోయింది. ఆగిపోయిందని కూడా అనలేను, అక్కడే తిరుగుతోంది. సమ్మె మొదలైన తర్వాత మొదట వచ్చిన సారు త్రికోణమితిని మొదటి నుంచి చెప్పారు. నాలుగు రోజులకు ఆయనను వెనక్కి పిలిపించుకున్నారు. తర్వాత వచ్చిన మేడం, పిల్లలకు ఎంతవరకు వచ్చో తెలియక, మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. ఆమె కూడా వారం తిరగకుండా మారారు. మూడో వారు వచ్చిన రోజున అమ్మాయి ఫోనులో నాతో "అమ్మా, మళ్ల సైన్, కాస్ కాడికెల్లే మొదలు పెట్టిన్రు" అని చెప్పి ఏడ్చింది. దాని నోటు పుస్తకంలో ఒకే లంబకోణ త్రిభుజం మూడు చేతిరాతల్లో మూడు సార్లు ఉంది. ఎత్తులు, దూరాల లెక్కలు ఒక్కటి కూడా లేవు. సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం పాఠాల పేజీలు తెల్లగా ఉన్నాయి. ఆ వచ్చిన ముగ్గురిలో ఏ ఒక్కరినీ నేను తప్పు పట్టను. తమకు ముఖపరిచయం కూడా లేని పిల్లలకు ఎక్కడి నుంచి మొదలు పెట్టాలో ఎవరూ చెప్పకుండా తరగతిలోకి పంపితే ఎవరైనా మొదటి నుంచే చెబుతారు.

దీనికి తోడు ఇంటర్నల్ మార్కుల బెంగ ఒకటి. ఈ ఏడాదికి 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు ఫార్మేటివ్ పరీక్షలకు ఉంటాయని నవంబరు చివర్లో ప్రభుత్వమే తేల్చింది. ఆ 20 మార్కులు నోటు పుస్తకాలు, ప్రాజెక్టులు, తరగతిలో పిల్ల పాల్గొన్న తీరు, చిన్న పరీక్ష చూసి వేసేవి. ఏడాదంతా ఆ పిల్లను చూసిన టీచరు వేయవలసినవి. ఇప్పుడు అవి ఎవరు వేస్తారు? మా అమ్మాయి సాంఘిక శాస్త్రం ప్రాజెక్టు నెల రోజులుగా పెట్టెలో ఉంది, తీసుకునేవారు లేరు. ప్రైవేటు బడిలో ఇంకో పిల్లకు ఆ 20కి 20 పడి, మా పిల్లకు ఎవరో ఒకరు అంచనాగా 12 వేస్తే, ఆ తేడా ఆమె మెమో మీద ఎప్పటికీ ఉండిపోతుంది. సమ్మె జరిగిన సంవత్సరం అని మెమో మీద ఎవరూ రాయరు కదా.

ఇంకొక మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 గంటల బోధన ఉండాలని చదివాను. మా చిన్నమ్మాయి విషయంలో ఈ మూడు వారాలను ఏ లెక్కలో వేస్తారో తెలియడం లేదు. హాజరు పడింది కనుక పనిదినం అంటారేమో. బోధన మాత్రం జరగలేదు. బడిని పూర్తిగా మూసి ఉంటే, పోయిన రోజులు పోయినట్టు కాగితం మీద కనపడేవి, వాటిని ఎలా పూడ్చాలని అడగడానికి మాకు ఆధారం ఉండేది. సగం తెరవడం వల్ల పోయిన రోజులు కూడా జరిగిన రోజులుగానే మిగులుతున్నాయి. మాకు జరుగుతున్న అన్యాయాల్లో కంటికి కనపడనిది, నన్ను ఎక్కువగా భయపెడుతున్నది ఇదే.

ఇక కబుర్ల సంగతి. సమ్మె మొదలైన మూడో రోజున పిల్లలను ఇంటికి తీసుకుపొమ్మని ఫోను వచ్చింది. పత్తి ఏరే రోజులు, ఆ రోజు కూలి వదులుకొని వెళ్లి ఇద్దరినీ తెచ్చుకున్నాను. రెండు రోజులు కాకముందే, బడి నడుస్తోంది, పంపకపోతే హాజరు పోతుంది అని మరో ఫోను. మళ్లీ ఒక రోజు కూలి పోయింది. ఆ వారం చివర చిన్నమ్మాయికి జ్వరం వచ్చింది. అక్కడ ఉండే నర్సమ్మ కూడా సమ్మెలోనే ఉంది. రాత్రి పదకొండింటికి పెద్దమ్మాయి ఎవరి ఫోనో అడుక్కొని నాకు చేస్తే, ఆ రాత్రి బస్సు లేక తెల్లవారే దాకా గుమ్మంలో కూర్చున్నాను. మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాను. మళ్లీ తీసుకువెళ్లి దింపాను. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం, అందుకు కృతజ్ఞతలు, కానీ పోయిన కూలిని బస్సు తిరిగి ఇవ్వదు. కూలి కన్నా బరువైనది ఇంకొకటి ఉంది. పిల్లను పంపాలా ఉంచాలా అని నిర్ణయించే భారమంతా ప్రభుత్వం మోయకుండా మా నెత్తిన పెట్టింది. పంపితే రాత్రిపూట దిక్కెవరు? ఉంచుకుంటే చదువు, హాజరు ఏమవుతాయి? ఏది చేసినా, రేపు జరిగేదానికి తల్లిదండ్రులదే తప్పు అనడానికి వీలుంటుంది.

నాకు కనీసం ఇల్లుంది. మా అమ్మాయి తరగతిలోనే తల్లీ తండ్రీ లేని పిల్లలు ఉన్నారు, కస్తూర్బాల్లో చోటు ముందుగా ఇచ్చేది అలాంటి పిల్లలకే. వాళ్లను ఇంటికి వెళ్లమంటే ఏ ఇంటికి వెళతారు? ఒక పిల్ల ముసలి అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. ఆ అమ్మమ్మ పనికి పోతే పిల్ల రోజంతా ఒంటరిగా ఉంటోంది. ఇంకో అమ్మాయి విషయంలో, చదువు ఎలాగూ నడవడం లేదు కదా, సంక్రాంతికి ఎవరో చూడడానికి వస్తున్నారు అని మేనమామ అన్నాడట. ఆ పిల్లకు పదిహేనేళ్లు. బడి నడిచే రోజుల్లో ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు, అక్కడి మేడం నేరుగా ఇంటికి వచ్చి అడిగేది. ఆడపిల్లల బడి ఆగితే పాఠాలతో పాటు ఇంకా ఏమేమి ఆగిపోతాయో, ఏమేమి మొదలవుతాయో మీకు నేను చెప్పవలసిన పని లేదు.

పోయిన ఆదివారం గేటు ముందు దాదాపు ముప్పై మంది తల్లిదండ్రులం కలిశాం. అందరిదీ ఒకే మాట కాదని నిజాయితీగా ఒప్పుకుంటాను. పరీక్షల ముందు సమ్మె చేయడం టీచర్ల తప్పని కొందరు గట్టిగానే అన్నారు. ఒక తండ్రి అయితే, పిల్లల మీద ప్రేమ ఉంటే ఇన్ని రోజులు వదిలి ఉండగలరా అని అడిగాడు. దానికి ఒక పెద్దావిడ ఇచ్చిన సమాధానం నాకు ఇంకా చెవుల్లో ఉంది. "పండుగలకు కూడ సొంత పిల్లల కాడికి పోకుండ మన పిల్లల కాడ పండుకున్నరు, వాళ్లను ప్రేమ అడుగుతవా బిడ్డా" అని అంది. పూర్తిగా మూసేసి ఇంటికి పంపడమే మేలని కొందరు, ఎలాగైనా తెరిచే ఉంచాలని కొందరు వాదించారు. పదో తరగతి వాళ్లను మాత్రమే ఉంచి మిగతా వాళ్లను పంపాలన్న వాళ్లూ ఉన్నారు. ఆ మాట విని ఏడో తరగతి పిల్ల తల్లిగా నాకు మనసు ఒప్పలేదు, పదో తరగతి పిల్ల తల్లిగా కాదనలేకపోయాను. అందరూ ఒప్పుకున్నది ఒక్కటే, ఈ అటూ ఇటూ కాని స్థితి ఇంక ఒక్క రోజు కూడా వద్దని.

సమ్మె గురించి నా అభిప్రాయం కూడా దాచుకోను. మా పిల్లల టీచర్లు పదేళ్లకు పైగా కాంట్రాక్టు మీదే పని చేస్తున్నారు. పగలు పాఠం, రాత్రి డ్యూటీ, సెలవు అడిగితే భయం. 2023 ఎన్నికలకు ముందు, అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న రేవంత్ రెడ్డి గారు హనుమకొండలో వాళ్ల దీక్షా శిబిరానికి వచ్చి, ఉద్యోగాలను క్రమబద్ధీకరిస్తామని ఇచ్చిన హామీని రాష్ట్రమంతా విన్నది. ఇది కేంద్ర పథకం, ఖర్చు కేంద్రానికి, రాష్ట్రానికి 60:40 వాటాల్లో ఉంటుంది, క్రమబద్ధీకరణకు చిక్కులున్నాయి అని ఇప్పుడు వింటున్నాం. ఆ చిక్కులు నిజమే కావచ్చు, నాకు చట్టం తెలియదు. కానీ ఆ వాటాలు హామీ ఇచ్చిన రోజున కూడా ఉన్నవే కదా. ఇచ్చిన మాటకూ, జరగని పనికీ మధ్య మా పిల్లలు నలుగుతున్నారు. టీచర్లను బెదిరించి పనిలోకి రప్పించమని నేను ఏ అర్జీలోనూ అడగలేదు, ఇక్కడా అడగను. మనసు విరిగిన మనిషి చెప్పే పాఠం ఎలా ఉంటుందో ఊహించగలను. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. ఇవ్వగలిగింది ఇవ్వండి, ఇవ్వలేనిది ఎందుకు ఇవ్వలేరో వాళ్లకూ మాకూ రాతపూర్వకంగా చెప్పండి.

అది తేలేలోగా మా పిల్లల విషయంలో నేను చేతులు జోడించి అడిగేది చాలా చిన్నది. బడి తెరిచి ఉంచదలచుకుంటే నిజంగా తెరవండి. గణితానికి, సైన్సుకు ఒకే టీచరును పరీక్షల దాకా మార్చకుండా ఉంచండి, అంతకు ముందు ఎంతవరకు పాఠం జరిగిందో ఒక కాగితం మీద రాసి ఆ వచ్చే టీచరు చేతికి ఇవ్వండి. రాత్రిపూట ఒక బాధ్యత గల మహిళా ఉద్యోగి, పిలిస్తే పలికే నర్సు అక్కడ ఉండేలా చూడండి. అది చేతకాకపోతే మూసివేస్తున్నామని మీ పేరుతో ఉత్తర్వు ఇవ్వండి, ఎన్ని రోజులు పోయాయో రాయండి, ఆ రోజులను ఎప్పుడు, ఎలా తిరిగి ఇస్తారో కూడా అందులోనే రాయండి. ఇంటర్నల్ మార్కులు మా పిల్లలకు తెలిసిన టీచర్ల చేతనే వేయించండి, అందుకు గడువు పెంచవలసి వస్తే పెంచండి. ఏదైనా ఒకటి చెప్పండి. ఫోను మీద కాదు, కాగితం మీద చెప్పండి.

ఈ నెల 13 నుంచి సంక్రాంతి సెలవులు. పిల్లలను ముందే తీసుకుపొమ్మని నిన్న సాయంత్రం మళ్లీ కబురు వచ్చింది. ఎల్లుండి వెళ్లి తీసుకువస్తాను. సెలవులు 17తో ముగుస్తాయి. 18వ తేదీ ఉదయం సంచులు సర్దుకొని బస్టాండులో నిలబడాలా, ఇంట్లోనే ఉండాలా అని పెద్దమ్మాయి అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గర ఉంది. దయచేసి ఆ లోపల పంపండి.

ఇట్లు,
మీకు మూడు అర్జీలు పెట్టుకున్న
ఇద్దరు ఆడపిల్లల తల్లి