క్లియరెన్స్ నిరాకరణకు జవాబు రాయడం గురించి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా రక్షణ రంగంలో పనిచేస్తున్న తెలుగువారికి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారాన్ని చూసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) విషయంలో ఎదురవుతున్న చిక్కుల గురించి మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసం చదివాను. క్లియరెన్స్ ఎందుకు ఇవ్వలేకపోతున్నారో చెప్పే కారణాల పత్రం చేతికి వచ్చిందంటే ఇక ఆశ వదులుకోవలసిందే అన్న ధోరణిలో వ్యాసకర్త దాన్ని ముగించారు. ఆ పత్రం కొన్నేళ్ల కిందట నాకూ వచ్చింది. దానికి నేను మొదట రాసుకున్న జవాబు, చివరికి పంపిన జవాబు రెండూ ఇప్పటికీ నా బీరువాలో ఒకే ఫైలులో ఉన్నాయి. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా మీ పాఠకుల్లో కొందరికైనా పనికివస్తుందన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

ఇక్కడ 'స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్' అనే ఆ పత్రం తుది తీర్పు కాదు. ఫలానా వ్యక్తికి క్లియరెన్స్ ఇవ్వడం దేశ భద్రతా ప్రయోజనాలకు స్పష్టంగా అనుగుణమని తేల్చుకోలేకపోతున్నామని, అందుకు కారణాలు ఇవని తెలియజేసే నోటీసు మాత్రమే. ఈ మాత్రం వెసులుబాటు కూడా ఊరికే రాలేదు. 1953లో నౌకాదళ శాఖ విలియం గ్రీన్ అనే ఏరోనాటికల్ ఇంజనీరు క్లియరెన్సును రద్దు చేసినప్పుడు, తన మీద చెప్పినవారు ఎవరో ఆయనకు తెలియనివ్వలేదు, వారిని ప్రశ్నించే అవకాశమూ ఇవ్వలేదు, ఉద్యోగం మాత్రం పోయింది. ఆ పద్ధతికి అధ్యక్షుడు గానీ కాంగ్రెస్ గానీ అధికారమిచ్చిన దాఖలా లేదని 1959లో సుప్రీంకోర్టు తేల్చిన తర్వాతే, 1960 ఫిబ్రవరిలో ఐసెన్‌హోవర్ 10865వ కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేసి, కాంట్రాక్టు కంపెనీల ఉద్యోగులు కారణాలను రాతపూర్వకంగా తెలుసుకుని జవాబు చెప్పుకునే ఏర్పాటు చేశారు.

అయితే హక్కు అక్కడితోనే ఆగుతుంది. క్లియరెన్స్ ఎవరికీ జన్మహక్కు కాదని, నిర్ణయం ఎటైనా పొరపాటు పడక తప్పదనుకుంటే నిరాకరణ వైపే పడాలని 1988లో ఈగన్ కేసులో అదే సుప్రీంకోర్టు చెప్పింది. జవాబు రాయడానికి కూర్చునేవారు ఈ మాటను ముందే మింగేయాలి. మింగలేక నేను వారం రోజులు పోగొట్టుకున్నాను.

నా మొదటి జవాబు ఐదు పేజీలు. పౌరసత్వ ప్రమాణం చేసిన రోజున కళ్లు చెమర్చిన సంగతి, పద్దెనిమిదేళ్లుగా ఒక్క ఏడాదీ పన్ను ఎగ్గొట్టని సంగతి, మా నాన్నగారి నిజాయితీ, పిల్లల చదువులు, ఈ ఉద్యోగం పోతే ఇంటి వాయిదాలు కట్టలేనన్న దిగులు, అన్నీ అందులో ఉన్నాయి. చివర 'నా మీద చేసిన ఆరోపణలన్నీ నిరాధారం' అని ముగించాను. సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన మా కంపెనీలో ఉండేవారు. ఆయన దాన్ని ఓపికగా చివరిదాకా చదివి, "బాగుంది, ఇందులో 1.ఎకి, అంటే పత్రంలోని మొదటి ఆరోపణకి, జవాబు ఎక్కడుంది?" అని అడిగారు. లేదు. పైగా ఇంటి వాయిదాలు కట్టలేనని నా అంతట నేనే రాసిచ్చిన వాక్యం, డబ్బు ఇబ్బందుల్లో ఉన్న మనిషిని నమ్మవచ్చునా అని అడుగుతున్నవారి చేతికి నేనే అందించిన ఆయుధమని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

కాంట్రాక్టు ఉద్యోగుల విషయంలో ఈ విచారణ రక్షణ శాఖ 5220.6వ ఆదేశం ప్రకారం సాగుతుంది. దాన్ని నడిపే కార్యాలయం పేరు డిఫెన్స్ ఆఫీస్ ఆఫ్ హియరింగ్స్ అండ్ అపీల్స్. కుదించి అందరూ 'దోహా' అంటారు గనుక, ఫోనులో ఆ మాట విన్న మా అమ్మ నన్ను గల్ఫ్‌కు బదిలీ చేశారనుకుని కంగారుపడింది. జవాబు ప్రమాణపూర్వకంగా ఉండాలని, పత్రంలోని ఒక్కొక్క ఆరోపణను విడివిడిగా ఒప్పుకోవడమో కాదనడమో చేయాలని, అన్నిటినీ గుంపుగా తోసిపుచ్చితే చెల్లదని ఆ ఆదేశం స్పష్టంగా చెబుతోంది. న్యాయమూర్తి ఎదుట విచారణ కావాలంటే ఆ సంగతి కూడా ఆ జవాబులోనే అడగాలి.

ఒప్పుకోవడమా, కాదనడమా అన్నది చూడటానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, అసలు పనంతా అక్కడే ఉంది. మనం ఒప్పుకున్నదాన్ని ప్రభుత్వ న్యాయవాది వేరుగా రుజువు చేయనక్కరలేదు. కాదన్నదానికి ఆయన సాక్ష్యం చూపాలి. ఆ తర్వాత, ఒప్పుకున్నవాటికీ రుజువైనవాటికీ సంజాయిషీ చెప్పుకుని సందేహం తీర్చే భారం పూర్తిగా మనదే. కాబట్టి ప్రతి ఆరోపణలోని ప్రతి మాటనూ, ప్రతి అంకెనూ సరిచూడాలి. నా పత్రంలో 1.బి కింద ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీ 8,400 డాలర్లు, 1.డి కింద ఒక వసూళ్ల కంపెనీకి 9,150 డాలర్లు ఉన్నాయి. పేర్లు వేరు, మొత్తాలు వేరు కావడంతో అవి రెండు అప్పులనే నేనూ అనుకున్నాను. ఒక రాత్రి క్రెడిట్ రిపోర్టు ముందు పెట్టుకుని వేలితో వరుస వెంట పోతుంటే రెండు ఖాతాల చివరి నాలుగంకెలూ ఒకటేనని కనబడింది: బ్యాంకు ఆ బాకీని వసూళ్ల కంపెనీకి అమ్మేసింది, వడ్డీ కలిసి మొత్తం పెరిగింది, నివేదికలో మాత్రం రెండూ మిగిలాయి. అన్నీ ఒప్పుకుని దణ్ణం పెట్టి ఉంటే లేని అప్పును నెత్తిన వేసుకునేవాణ్ని. అన్నీ కాదని ఉంటే ఉన్న అప్పుకు అబద్ధమాడినవాణ్నయ్యేవాణ్ని. చివరికి 1.డిని ఒప్పుకుని, 1.బి అదే అప్పు గనుక కాదంటున్నానని రాసి, ఖాతా అమ్మినట్టు బ్యాంకు ఇచ్చిన ఉత్తరాన్ని జతచేశాను.

ఇక సంజాయిషీ. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాలు (గైడ్‌లైన్లు) 13. ఎ నుంచి ఎం వరకు అక్షరాలతో వాటిని పిలుస్తారు. ప్రతి దానిలోనూ అనుమానం కలిగించే పరిస్థితులతోపాటు ఆ అనుమానాన్ని తగ్గించే పరిస్థితులు కూడా రాసి ఉంటాయి. జవాబు రాసేవారు ఆ రెండో జాబితాను పక్కన పెట్టుకుని, తమకు వర్తించే అంశానికి తమ కాగితాన్ని జోడించుకుంటూ పోవాలి. ఆర్థిక విషయాలకు సంబంధించిన గైడ్‌లైన్ ఎఫ్‌లో ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు వంటి మన చేతిలో లేని కారణాలకు చోటుంది. కానీ ఆ కష్టకాలంలో మనం బాధ్యతగా నడుచుకున్నామని కూడా చూపాలి. 'ఉద్యోగం పోయింది' అన్నది సగం జవాబే. తొలగింపు ఉత్తరం, ఆ నెలల్లో అప్పులిచ్చినవారికి నేను రాసిన ఈమెయిళ్లు, తర్వాత కుదుర్చుకున్న వాయిదాల ఒప్పందం, 14 నెలల చెల్లింపు రసీదులు కలిస్తే మిగతా సగం పూర్తయింది. ఇకముందు కడతానన్న మాటకు అక్కడ పెద్దగా విలువ లేదు. నోటీసు అందాక హడావిడిగా కట్టిన డబ్బుకు, అంతకుముందు నుంచి క్రమంగా కడుతూ వచ్చిన డబ్బుకున్నంత బరువు ఉండదు.

విదేశీ ప్రభావానికి సంబంధించిన గైడ్‌లైన్ బి మన వాళ్లను ఎక్కువగా బాధపెడుతుంది. 'మీ తల్లిదండ్రులు భారతదేశ పౌరులు, అక్కడే నివసిస్తున్నారు' అన్న వాక్యాన్ని చదివి, కన్నవాళ్లు ఉండటం కూడా నేరమా అని నేనూ రగిలిపోయాను. అది నేరారోపణ కాదు. ఆ బంధాన్ని అడ్డం పెట్టుకుని ఎవరైనా మీ మీద ఒత్తిడి తేగలరా అన్న ప్రశ్న. కోపంతో రాసే ఏ వాక్యమూ ఆ ప్రశ్నకు జవాబు కాదు. అలాగే, సంబంధం పలచనైందని చూపడానికి 'ఎప్పుడో గాని మాట్లాడుకోము' అని రాయడం అంతకన్నా పెద్ద పొరపాటు. సొంత తల్లిదండ్రులతో సంబంధాన్ని మామూలు పరిచయంగా వారు ఎలాగూ భావించరు, పైగా క్లియరెన్స్ కోసం నింపే ఎస్.ఎఫ్.-86 ఫారంలో ప్రతి ఆదివారం ఫోను చేస్తానని నేనే రాసి ఉన్నాను. అందుకే ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నాను. నాన్నగారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారని, పింఛను తప్ప ప్రభుత్వంతో మరే సంబంధమూ లేదని రాసి, పింఛను ఉత్తర్వుకు ఇంగ్లీషు అనువాదం జతచేశాను. అక్కడి ఫ్లాటులో నా వాటా నా మొత్తం ఆస్తిలో నూటికి ఆరు వంతులేనని, ఇల్లు, పదవీ విరమణ నిధి, భార్యాపిల్లలు, ఇరవై ఏళ్ల జీవితం ఇక్కడే ఉన్నాయని చూపే కాగితాలు పెట్టాను. మొదటి చిత్తులో నాన్నగారి గురించి పేజీన్నర ఉండేది. పంపిన జవాబులో ఆయనకు నాలుగు వాక్యాలే దక్కాయి.

సిఫారసు ఉత్తరాల గురించి ఒక మాట. సంఘాల అధ్యక్షుల లెటర్‌హెడ్ల మీద మన వాళ్లకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. నేనూ మూడు సంపాదించాను. అవి మూడూ నేను మంచివాణ్నని చెప్పాయి, నా మీద ఉన్న ఆరోపణ ఏమిటో ఒక్కదానిలోనూ లేదు. నోటీసు చూపించి రాయమంటే, రోజూ నా పని చూసే టీమ్ లీడర్ 'ఈ పత్రంలోని అంశాలు చదివాను, అయినా ఇతని మీద నా నమ్మకం మారలేదు' అని పది వాక్యాలు రాసిచ్చారు. ఆ ఉత్తరాన్నే జడ్జిగారు విచారణలో ప్రస్తావించారు. సిగ్గుపడి నోటీసును దాచుకునేవారికి అలాంటి ఉత్తరం దొరకదు.

విచారణ అడగకుండా కాగితాల మీదే నిర్ణయం కోరుకునేవారికి ప్రభుత్వ న్యాయవాది తన ఆధారాల ఫైలును పంపుతారు. దానికి బదులివ్వడానికి 30 రోజులుంటాయి. మొదటి జవాబులో అన్నీ చెప్పేశాం కదా అని ఆ 30 రోజులూ వదిలేసేవారున్నారు. అది పెద్ద నష్టం, ఎందుకంటే తీర్పు వ్యతిరేకంగా వచ్చి అప్పీలుకు వెళ్లినా అక్కడ కొత్త ఆధారాలను స్వీకరించరు. అంతిమంగా నిరాకరించినవారు తొలి వ్యతిరేక నిర్ణయం నాటి నుంచి ఏడాది వరకు మళ్లీ దరఖాస్తు చేసుకోవడానికి కూడా వీల్లేదు. ఇదంతా కాంట్రాక్టు ఉద్యోగుల సంగతి. ప్రభుత్వ ఉద్యోగుల పద్ధతి కొంత వేరు గనుక వారు తమ నోటీసులోని సూచనలనే అనుసరించాలి.

చివరగా ఒక సవరణ. జవాబు పంపడానికి 'సుమారు నెల రోజుల గడువు' ఉంటుందని మీ వ్యాసంలో పడింది. 5220.6 ప్రకారం నోటీసు అందిన 20 రోజుల్లోగా జవాబు దోహా కార్యాలయానికి చేరాలి. పోస్టులో వేసిన తేదీ లెక్కలోకి రాదు. తగిన కారణం చూపి పొడిగింపు అడగవచ్చు గానీ, ఆ అడిగేదేదో గడువు దాటకముందే అడగాలి. ఈ ఒక్క అంకెనైనా దయచేసి రేపటి సంచికలో సరిచేయగలరు.

భవదీయుడు,
ఒక ప్రవాస పాఠకుడు,
వర్జీనియా, అమెరికా